పద్మ అడిగినప్పుడు నేను చెప్పని మాట

ముప్పై రెండేళ్ళు నర్సుగా పనిచేశాను. ఎక్కువ కాలం జంషెడ్‌పూర్‌లోనే, బర్మామైన్స్‌లో కొన్నాళ్ళు, గోల్‌మురి వైపు కొన్నాళ్ళు. రిటైరైతే మనిషి మెత్తబడతాడని అంటారు. నేను మెత్తబడలేదు. ఈ కాగితాలు కోపంతోనే రాస్తున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

బారిడీహ్‌లో మా పక్కింటి అమ్మాయి ఈ మధ్యే నర్సింగు పూర్తి చేసింది. బళ్ళకి వెళ్ళి పిల్లల ఆరోగ్యం చూసే ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బాతో వచ్చి కూర్చుని, "ఆంటీ, ఆడపిల్లలు అడక్కూడనివి అడిగితే ఏం చెయ్యాలి?" అంది.

ఆ మాట విన్నాక ఆ పూట నాకు అన్నం సహించలేదు. డెబ్బైల్లో మేమూ సరిగ్గా ఆ మాటే వాడేవాళ్ళం. అడక్కూడనివి. ఆ ఒక్క మాట మా చేత ఏం చేయించిందో ఈ పిల్లకీ, ఈ పిల్లలాంటి వాళ్ళకీ తెలియాలి. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ట్రైనింగుకి ఎక్కడికి వెళ్ళాను, ఇవేవీ రాయను. వాటి వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

అంటించిన పేజీలు

అప్పుడిది బీహారు. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాన్న టాటానగర్ స్టేషన్లో పాయింట్స్‌మన్. నేను నర్సింగు చదివి బర్మామైన్స్‌లో ఒక డిస్పెన్సరీలో చేరాను. అది ఎవరిదో పేరు రాయను. రెండు గదులు, ఒక వరండా. గీతలు గీసిన రిజిస్టర్లు మాత్రం గదులకి సరిపోనన్ని ఉండేవి.

నెలకి రెండుసార్లు సైకిలు మీద దగ్గర్లోని తెలుగు ఆడపిల్లల బడికి వెళ్ళేదాన్ని. కళ్ళు, పళ్ళు చూడటం, టీకాలు వెయ్యడం, రక్తం తక్కువున్న వాళ్ళకి ఐరన్ మాత్రలివ్వడం. నా పని అంతవరకే.

ఆ బడి ప్రహరీ గోడకి బయటవైపు పెద్ద ఎర్ర త్రికోణం వేసి ఉండేది. పక్కన నవ్వుతున్న అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. కుటుంబ నియంత్రణ బొమ్మ. బస్తీలో అలాంటివి ఏ సందులో చూసినా కనిపించేవి. ఆడపిల్లలు రోజూ ఆ గోడ పక్కనుంచే బళ్ళోకి వెళ్ళేవారు. లోపల మాత్రం, కొత్త పుస్తకాలు వచ్చిన వారంలోనే సైన్సు టీచరు మైదా జిగురు కాచుకుని కూర్చునేది. పిల్లలు పుట్టడం గురించిన పాఠం రెండు పేజీలే. ఆ రెండు పేజీలనీ ఒక్కొక్క పుస్తకంలో అంటించి, పైన అరచేత్తో ఒత్తి, ఎండలో ఆరబెట్టేది. నేను చూస్తూండగానే చేసింది.

"పరీక్షలో ఎలాగూ రాదు సిస్టర్. అనవసరంగా ఎందుకు?" అంది.

నేను సరేనన్నట్టు తలూపాను. నవ్వాను కూడా.

టీకా వరసలో నిలబడ్డప్పుడు ఆ పిల్లలు గుసగుసగా మాట్లాడుకునేవి నా చెవిన పడేవి. పెళ్ళయిన మొదటి ఏడాది దేవుడే పిల్లలు రాకుండా చూస్తాడట. బొప్పాయి తింటే చాలట. గోడ మీద త్రికోణం రైలు సిగ్నలేమో అని ఏడో తరగతి పిల్ల ఒకతి నన్నే అడిగింది. అది అమాయకపు మాటని నవ్వుకున్నాను తప్ప, ఆ పిల్లకి ఎందుకు తెలియలేదని ఆలోచించలేదు.

అదేదో మరీ చిన్నపిల్లల వ్యవహారమనుకోకండి. అప్పటి చట్టం ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే పెళ్ళికి ఒప్పుకునేది. పదో తరగతిలో కూర్చున్న వాళ్ళలో కొందరు జాకెట్టు లోపల పుస్తె దాచుకుని బడికొచ్చేవారు. వాళ్ళని అత్తారింటికి పంపడానికి ఊరంతా సిద్ధంగా ఉండేది. అక్కడ ఏమవుతుందో, కావాలంటే ఎలా ఆపుకోవచ్చో చెప్పడానికి మాత్రం ఒక్కరూ ఉండేవారు కాదు.

శనివారం మధ్యాహ్నం

పద్మ అలాంటి పిల్లే. తండ్రి అప్పలరాజు లోకోషెడ్లో ఖలాసీ, తల్లి గౌరమ్మ. లెక్కల్లో ఆ బడి మొత్తానికీ మొదటిది. తొమ్మిదో తరగతి అవగానే మేనమామ కొడుక్కిచ్చి పెళ్ళి చేశారు. అతనికి చక్రధర్‌పూర్‌లో రైల్వే పని. మెట్రిక్ రాసేదాకా పిల్లని పుట్టింట్లోనే ఉంచుతామని రెండువైపులా అనుకున్నారు. అతను సెలవు దొరికినప్పుడల్లా వచ్చి వెళ్ళేవాడు.

అది 1976. ఎమర్జెన్సీ నడుస్తోంది. ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక పద్మ డిస్పెన్సరీకి వచ్చింది. పుస్తకాల సంచీ గుండెలకి పట్టుకుని, వరండాలో రోగులందరూ వెళ్ళేదాకా నిలబడింది. అప్పుడు లోపలికొచ్చింది.

"నర్సమ్మగారూ, ఓ మాటండి."

"ఏటమ్మా, జొరమా?"

"కాదండి. మెట్రిక్ రాసీదాకా పిల్లలు పుట్టకుండా ఉండాలంటే ఏటి సెయ్యాలండి?"

అంత సూటిగా అడిగింది. తల దించుకోలేదు. లెక్క ఎక్కడ తప్పిందో టీచర్ని అడిగినట్టు అడిగింది.

నాకు జవాబు తెలుసు. ఒకటి కాదు, మూడు జవాబులు తెలుసు. మాత్రలు మా దగ్గరే ఉన్నాయి. కానీ మా ఇన్‌చార్జి డాక్టరు నేను చేరిన మొదటి రోజే రూలు చెప్పారు. పెళ్ళికాని పిల్లలకి ఆ మాటే ఎత్తకూడదు. పెళ్ళయినా ఒక బిడ్డ పుట్టేదాకా మందు ఇవ్వకూడదు. బిడ్డలున్నా భర్త సంతకం లేకుండా ఇవ్వకూడదు. నేను ఆ రూలుని బైబిలు వాక్యంలా నమ్మాను.

"మీ అమ్మని తీసుకురా, మాట్లాడదాం" అన్నాను.

"అమ్మకి తెలిత్తే బడి మాన్పించేత్తాదండి. సదువు కోసం పిల్లల్ని వద్దంటావేటే అంతాది."

"పోనీ మీ ఆయన్ని తీసుకురా."

పద్మ నా వైపు చూసి నవ్వింది. "ఆయన వచ్చీవోడైతే నాను అడగాల్సిన పనేటండీ?"

మాట మార్చాలని, మెట్రిక్ అయ్యాక ఏం చేస్తావని అడిగాను.

"టేసన్లో టికెట్లు ఇత్తారు కదండీ, ఆ కిటికీ కాడ ఆడోళ్ళని ఒక్కర్ని సూళ్ళేదు నాను. అక్కడ కూకుంటాను" అంది.

ఆ తర్వాత నేనన్న మాట ఇన్నేళ్ళయినా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "చిన్నపిల్లవి. ఇవన్నీ నీకెందుకు? పెద్దవాళ్ళు చూసుకుంటారు, వెళ్ళు" అన్నాను.

వెళ్ళిపోయింది. నేను చేతులు కడుక్కుని, డిస్పెన్సరీ తాళం వేసి, ఇంటికెళ్ళి భోంచేశాను.

గౌరమ్మ అడిగింది

దసరా సెలవులు అయిన వారం. పొద్దున్నే, ఇంకా కార్ఖానా భోంపు మొదటి షిఫ్టుకి మోగకముందే, గౌరమ్మ చెప్పుల్లేకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "నర్సమ్మా, బేగి రా. పిల్ల కాలిపోతంది. నెత్తురు ఆగట్లేదు."

నేను వెళ్ళేసరికి పద్మ నేల మీద గోనె పరుపు మీద పడి ఉంది. ఒళ్ళు నిప్పులా ఉంది. నాడి అందట్లేదు. జరిగింది నాకు అడగకుండానే అర్థమైంది. రెండు నెలలు దాటిందట. ఎవరికీ చెప్పలేదు. తోటి పిల్ల ఒకతి చెబితే, ఆవలి బస్తీలో "మందు చేసే" ఆమె దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. మూడు రోజుల క్రితం. మూడు రోజులూ జ్వరంతోనే బడికెళ్ళింది. క్వార్టర్లీ పరీక్షలు జరుగుతున్నాయని.

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నేను దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గౌరమ్మ ఎదురుగా కాళ్ళ దగ్గర కూర్చుంది. దారిలో, కార్ఖానా గేటు దగ్గర సైకిళ్ళ వరస దాటడానికి రిక్షా ఆగినప్పుడు, గౌరమ్మ నా మొహంలోకి చూసి అడిగింది.

"మీ కాడికొచ్చిందట కదా నర్సమ్మా. ఏటి సెప్పేరు మీరు?"

నేను పద్మ మొహం మీది చెమట తుడిచాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

పద్మ బతికింది. డాక్టర్లు గర్భసంచి తీసెయ్యాల్సి వచ్చింది. దానికప్పటికి పదహారు నిండి మూడు నెలలు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకి ఒక్క సంగతి చెప్పాలి. పద్మ చేయించుకోవాలనుకున్నది ఆసుపత్రిలో, శుభ్రంగా, చట్టప్రకారం చేయించుకునే వీలు అప్పటికే నాలుగేళ్ళుగా ఉంది. ఇంట్లోవాళ్ళ సంతకం కావాల్సి వచ్చేది, నిజమే. కానీ ఆ దారి ఒకటుందని తెలిస్తే, గౌరమ్మ కూతురి ప్రాణం కోసం వేలిముద్ర వెయ్యదా? ఆ చట్టం వచ్చిందని మాకు కాగితం వచ్చింది. చదివి ఫైల్లో పెట్టాం. బస్తీలో ఒక్క మనిషికి చెప్పలేదు. మేము నోరు మూసుకుని కూర్చున్నందుకు ఒక పిల్ల పొట్ట చీల్చాల్సి వచ్చింది. ఇంతకన్నా మర్యాదగా దీన్ని రాయడం నాకు చేతకాదు.

ఇరవై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు

అసలు కోపం వచ్చింది ఆ తర్వాత.

అవి టార్గెట్ల రోజులు. నెలకి ఇన్ని ఆపరేషన్లని పైనుంచి లెక్క వచ్చేది. తక్కువైతే డాక్టరు జీతం దగ్గర్నుంచి నా సెలవు దాకా అన్నీ ఆగిపోయేవి. నెలాఖరున రిజిస్టరు మీద సంతకాలు పెట్టడానికి నన్ను పిలిచారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళ జాబితా. చివరి వరసలో పద్మ పేరు.

వయసు ఇరవై ఆరు. పిల్లలు ఇద్దరు. ఒప్పించి తీసుకొచ్చిన వారు, అన్న గడిలో నా పేరు.

నేను ఆ వరస మీద వేలు పెట్టి, "ఇది ఎవరు రాశారు సార్?" అని అడిగాను.

డాక్టరు తల ఎత్తలేదు. హిందీలో అన్నారు, తెలుగులో రాస్తున్నాను. "గర్భసంచి తీసేశారు కదా. ఇక పిల్లలు పుట్టరు కదా. అంటే కేసే. మనకి ఒకటి తక్కువైంది, సరిపోయింది."

"దానికి పదహారేళ్ళు సార్. ఒక్క బిడ్డ లేదు."

"అందుకే ఇరవై ఆరని రాయించాను. సంతకం పెట్టండి సిస్టర్."

ఆలోచించండి. పిల్లలు లేరు కాబట్టి మాత్ర ఇవ్వకూడదన్నారు. ఆ మాత్ర లేక గర్భసంచి పోగొట్టుకున్న పిల్లకి, కాగితం మీద ఇద్దరు పిల్లల్ని పుట్టించి, మా ఘనకార్యం కింద రాసుకున్నారు. నలభై ఏళ్ళు దాటింది. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు.

ఆ రోజు టేబుల్ మీద ఎర్ర సిరా కలం తీసుకుని ఆ వరస మీద అడ్డంగా గీత గీశాను. కాగితం చిరిగింది. డాక్టరు లేచి నిలబడ్డారు.

"నీకు ఉద్యోగం బరువైందా?" అన్నారు. అప్పటిదాకా "మీరు" అనే మనిషి.

"ఈ సంతకం బరువైంది సార్" అన్నాను.

దీన్ని చదివి నన్ను ధీరురాలు అనుకోకండి. అంతకు ముందు నెలల్లో అదే రిజిస్టరులో ఎన్ని వరసల కింద సంతకం పెట్టానో నాకే తెలియదు. ఒక్కసారి కూడా వయసు గడి చదవలేదు. పద్మ నాకు తెలిసిన పిల్ల కాబట్టి చదివాను. నాకు తెలియని పద్మలు ఆ పేజీల్లో ఎంతమంది ఉన్నారో దేవుడికెరుక.

పదిహేను రోజుల్లో నన్ను గోల్‌మురి అవతల ఒక చిన్న సెంటరుకి మార్చారు. పొమ్మనలేక పంపించిన చోటు అది. కానీ నా జీవితంలో మంచి బాసు దొరికింది అక్కడే. బెంగాలీ ఆవిడ, మిత్రా డాక్టరు. చిన్న మనిషి, పెద్ద గొంతు. పద్మ సంగతంతా ఆవిడకి చెప్పాను. రూలు అలా ఉందని కూడా చెప్పాను.

"ఆ రూలు ఎక్కడుంది? చూపించు" అందావిడ.

నేను వారం రోజులు పాత ఫైళ్ళన్నీ వెతికాను. సర్క్యులర్లు, చేతిరాత నోట్లు, అన్నీ చూశాను. ఎక్కడా లేదు. పెళ్ళయిన పిల్లకి బిడ్డ పుట్టేదాకా మందు ఇవ్వకూడదని ఏ ప్రభుత్వమూ, ఏ ఆసుపత్రీ నాకు రాసివ్వలేదు. మా డాక్టరు నోటి నుంచి వచ్చింది, నేను నమ్మాను. అంతే. ఆవిడ విని, "ఇప్పటినుంచి ఎవరైనా రూలు అంటే కాగితం అడుగు. ఇంకో మాట. అడిగినదానికి జవాబు చెప్పడం మందు ఇవ్వడం కాదు. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు" అంది.

ఉద్యోగంలో చేరే ప్రతి నర్సుకీ మొదటి రోజు ఎవరో ఒకరు ఈ మాట చెప్పాలి. నాకు ఏడేళ్ళ తర్వాత చెప్పారు.

తల్లుల మీటింగు

ఎమర్జెన్సీ ఎత్తేశాక మిత్రా డాక్టరు పట్టుబట్టి నాకు మళ్ళీ ఆ తెలుగు బడి పని వేయించింది. నేను పెద్ద టీచరు కనకవల్లిగారి గదిలోకి వెళ్ళి, తొమ్మిది, పది తరగతుల పిల్లలతో నెలకి ఒక పీరియడు మాట్లాడతానని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇక్కడికి మంచి కుటుంబాల పిల్లలు వస్తారమ్మా. ఇలాంటివి చెబితే చెడిపోతారు."

"పద్మ కూడా మంచి కుటుంబం పిల్లే టీచరుగారూ."

"పద్మకి టైఫాయిడ్ కదా? అందుకేగా బడి మానేసింది?"

ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను, తలుపు వేసి, ఉన్నదున్నట్టు. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "నా చేత్తో ఆ పిల్లకి వందకి తొంభై ఎనిమిది వేశాను" అన్నారు. ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గించానా అని బాధపడుతున్నట్టు అన్నారు. చివరికి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. తల్లులకి ముందే చెప్పాలి.

తల్లులు కుట్టుపని గదిలో నేల మీద కూర్చున్నారు. కొందరు చంటిపిల్లలతో వచ్చారు. నేను రెండు నిమిషాలు మాట్లాడానో లేదో, వెనక నుంచి ఒకావిడ లేచింది.

"పెళ్ళి కాని గుంటలకి ఇయ్యన్నీ ఏటి నర్సమ్మా? మేం సదివీసినామేటి? మాకు పిల్లలు పుట్లేదేటి?"

నవ్వులు. ఇంకొకావిడ, "రేపు దీన్ని ఎవులు సేసుకుంతారు? ఈ పిల్లకి అన్నీ తెలుసంటే సంబందం వత్తాదేటి?" అంది. ఒకరిని చూసి ఒకరు లేచి చీరలు దులుపుకుంటున్నారు. కనకవల్లిగారు నా వైపు, "చూశావా" అన్నట్టు చూశారు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి గౌరమ్మ లేచింది. ఆవిడ రెండో కూతురు తొమ్మిదో తరగతి. ఆవిడ వచ్చిన సంగతే నేను చూడలేదు.

"కూకోండి" అంది. గట్టిగా అనలేదు. అయినా కూర్చున్నారు.

"నా పెద్ద గుంటకి టైపాయిడ్ అని అందరికీ సెప్పేను. అబద్దం. కడుపొచ్చింది, తీయించుకోబోయి సావు దాకా ఎల్లింది. ఇంక దానికి పిల్లలు పుట్టరు. దాని మొగుడు వేరే పిల్లని సేసుకుంతన్నాడు. వచ్చే నెల్లో పెళ్ళి. నాను సెప్పలేదు దానికి, నాకేటి తెలుసని సెప్పడానికి? ఈ నర్సమ్మ కాడికెల్లి అడిగింది. ఈవిడికి తెలుసు. ఈవిడీ సెప్పలేదు."

గదిలో ఒక చంటిపిల్ల ఏడుపందుకుంది. గౌరమ్మ నా వైపు చూడకుండానే, "ఇప్పుడు సెప్తానంతంది కదా. సెప్పనీండి. నా సిన్నదాని పేరు రాసుకోండి" అని కూర్చుంది.

ఇంటి పరువు కోసం ఏడాది పాటు దాచిన మాటని ఆ తల్లి ఊరందరి ముందు విప్పింది. నేను రిజిస్టరులో ఒక గీత గీసినందుకు కొందరు నన్ను మెచ్చుకున్నారు. ఈవిడ చేసిన పని ముందు నాది ఏపాటిది?

ఆ రోజు సగం మంది తల్లులు ఒప్పుకున్నారు. మిగతా వాళ్ళు ఆ పీరియడులో తమ పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టమన్నారు. వరండా కిటికీ పక్కనే ఉంటుంది. కిటికీ మూసెయ్యమని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ గొంతు కాస్త పెద్దది చేసి మాట్లాడేదాన్ని.

పిల్లలు ఏం అడిగేవారంటే

చీటీల మీద రాయించేదాన్ని, పేర్లు లేకుండా. మాత్ర మానేస్తే తర్వాత పిల్లలు పుడతారా? లూప్ పెడితే గుండెల్లోకి పోతుందట, నిజమేనా? మగవాళ్ళు వాడేది కూడా ఉందట కదా, మరి ఆపరేషన్లన్నీ ఆడవాళ్ళకే ఎందుకు? ఇలా ఉండేవి. ఎంత తెలివైన ప్రశ్నలో చూడండి. వీళ్ళా చెడిపోయేది?

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒకసారి ఒక చీటీలో, మొగుడు మింగే మాత్ర ఏదైనా ఉందా, ఉంటే కూరలో కలిపి పెట్టొచ్చా అని ఉంది. నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న టీచరూ నవ్వింది. ఆ తర్వాత రెండు నెలలు ఒక్క చీటీ రాలేదు. తెల్ల కాగితాలు మడిచి పెట్టేవారు. రాసిన పిల్ల ఎవరో నాకు తెలియదు. కానీ కూరలో కలపాలని ఎందుకు అనుకుందో, ఇంట్లో అడిగితే ఏం జరుగుతుందని భయపడిందో, నవ్వకుండా ఉంటే తెలిసేది. ఎంత వింత ప్రశ్న అయినా నవ్వకండి. మొహం మామూలుగా పెట్టుకోవడం కూడా మన పనిలో భాగమే.

ఏడేళ్ళు నడిచింది ఆ పీరియడు. దానివల్ల చెడిపోయిన పిల్ల ఒక్కర్తీ నా దృష్టికి రాలేదు. పెళ్ళయ్యాక కూడా చదువు పూర్తి చేసుకుని, వచ్చి చెప్పి వెళ్ళిన వాళ్ళు కొందరున్నారు. తర్వాత కనకవల్లిగారు రిటైరయ్యారు. మిత్రా డాక్టరు కలకత్తా వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన అధికారి నా పని వివరాలు చూసి, "ఈ స్కూలు క్లాసు ఏ కాలమ్‌లోకి వస్తుంది సిస్టర్?" అని అడిగాడు. ఏ కాలమ్‌లోకీ రాదన్నాను. "అయితే ఎందుకు చేస్తున్నారు?" అన్నాడు. ఆ నెల నుంచే ఆపేశారు.

అప్పటికి టీవీలు వచ్చేశాయి. సాయంత్రం వార్తల ముందు కుటుంబ నియంత్రణ ప్రకటన రాగానే ఇంట్లో పెద్దవాళ్ళు లేచి గొంతు తగ్గించేసేవారు. ఇదంతా పాతకాలపు సంగతి అని మీరు అనుకుంటే, మొన్న మా పక్కింటి పిల్ల మిఠాయి డబ్బాతో వచ్చి ఏ మాట అందో మళ్ళీ ఒకసారి చదవండి.

పద్మ వచ్చింది

గౌరమ్మ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. పద్మ మాత్రం క్షమించలేదు. దాన్ని తప్పుపట్టను. మొగుడు వేరే పెళ్ళి చేసుకున్నాక పద్మ ప్రైవేటుగా మెట్రిక్ పాసైంది. స్టేషన్లో ఉద్యోగం రాలేదు. కుట్టు మిషను నేర్చుకుని గోల్‌మురి బజారులో అన్నగారి సాయంతో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టింది. ఒకసారి నేను కావాలనే అక్కడికి వెళ్ళి, "పద్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. చేతిలో కత్తెర ఆపకుండా, "పని ఉంది నర్సమ్మగారూ" అంది. అంతే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మేము దారిలో ఎదురైనా మాట్లాడుకోలేదు.

ఎనభై ఏడులో, ఒక ఆదివారం పొద్దున్న, పద్మ మా ఇంటికి వచ్చింది. వెంట పద్నాలుగేళ్ళ పిల్ల. రెండు జడలు, చేతిలో నోటు పుస్తకం.

"మా అన్న కూతురండి. తొమ్మిదో తరగతి. బళ్ళో మీరు ఇప్పుడు సెప్పట్లేదటగా" అంది.

"ఆపేశారమ్మా."

"దీనికి సెప్పండి. అన్నీ. నాను ఇక్కడే కూకుంటాను."

పిల్ల సిగ్గుపడి, "బువా, ఘర్ చలో నా" అని, ఇంటికి పోదామంటూ అత్త చెయ్యి లాగింది.

"కూకో" అంది పద్మ.

చెప్పాను. గంటన్నర పట్టింది. శరీరం ఎలా పనిచేస్తుందో, బిడ్డ ఎలా వస్తుందో, రాకుండా ఏయే దారులున్నాయో, ఒక్కోదానిలో మంచేదో చెడేదో. తప్పు జరిగితే ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడికి వెళ్ళకూడదో కూడా చెప్పాను. పిల్ల మొదట నేలకేసి చూసింది. తర్వాత నెమ్మదిగా తల ఎత్తింది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది, హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి. పద్మ గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

మాత్రల సంగతి పూర్తయ్యాక మాత్రం అడిగింది.

"అవి అప్పుడూ ఉండేవాండీ?"

"ఉండేవి."

"నాను వచ్చిన నాడు?"

"ఉండేవి పద్మా."

ఏదైనా అంటుందని చూశాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. పద్మ మేనకోడలి వైపు తిరిగి, దాని ఒళ్ళోంచి నోటు పుస్తకం తీసి తెరిచి దాని ముందు పెట్టింది.

"మళ్ళీ మొదట్నుంచి సెప్తారు" అంది. "ఈసారి రాసుకో."